హనుమంతుడి ఎడమ పాదం

1986 జనవరి 12

హనుమంతుడు నేనే! విఠల్ పంతులు ఖాయం చేసేశాడు. సిర్గాపూర్ నుంచి సైకిల్ మీద వచ్చి మాకు చిరుతల రామాయణం — చేతుల్లో చెక్క చిరుతలు కొడుతూ, పాడుతూ గుండ్రంగా తిరిగి ఆడే ఆట — నేర్పే మనిషి. ఆయన నోట్లోంచి మాట వచ్చిందంటే ఇక తిరుగులేదు. రాముడు మాణిక్. సైకిల్ షాపు మాణిక్ రాముడంటే అందరూ నవ్వారు గానీ ముఖంలో ఆ కళ ఉంది వెధవకి, ఒప్పుకోవాలి. చిన్నప్పటి దోస్తు కదా అని కాస్త గీరాను — నీ వేషానిదేముందిరా, నిలబడి నవ్వితే చాలు, ఎగరడం, దూకడం, ఏడవడం అంతా నాదే అని. నీకు తోక ఒక్కటే కొత్తగా పెట్టాలి, మిగిలిందంతా ముందే ఉంది అన్నాడు వాడు.

ముప్పై ఆరేళ్లు నిండాయి. నాలుగో తరగతికి ఎక్కాలు చెప్పుకునే వాడిని. ఈ మధ్య ఎప్పుడు ఇంత సంతోషపడ్డానో గుర్తు లేదు.

జనవరి 16

పంతులు నియమాలు చెప్పాడు. హనుమంతుడు కట్టేవాడు శ్రీరామ నవమికి ఆట అయిపోయే దాకా ఒక్కపొద్దు ఉండాలి, రోజుకి ఒక్క పూటే తిండి. రాముడు నిలబడి ఉన్నంతసేపూ ఆయన పాదాల దగ్గర చేతులు జోడించి గొంతుక్కూర్చోవాలి — ఆటలోనే కాదు, నేర్చుకునేటప్పుడూ అంతే. పీట వద్దు, గోడకు ఆనుకోవద్దు, బాసింపట్టు అసలే వద్దు. ఆయన గురువు ఆయనకి అలాగే చెప్పాడట.

నా పొట్ట వైపు చూసి ఒక మాట అన్నాడు. "గింత పొట్ట వేస్కొని సముద్రం ఎట్ల దాటుతవ్ సారూ? లంక సంగతి పక్కకు వెట్టు, పక్కనున్న కంగ్టి దాక గూడ పోవు."

చూపిస్తా.

జనవరి 26

బళ్లో జెండా. పిల్లలు బూందీ తిన్నారు, నేను వాసన చూశా. ప్యాంటు జారిపోతోంది. మాణిక్ నా బెల్టుకి కొత్త బెజ్జం పొడిచిచ్చాడు, ఇది రెండోది. అద్దంలో చూసుకుంటే గదవ తేలింది, మెడ కనిపిస్తోంది. నాకు బాగానే ఉంది. సత్తెమ్మకే బాగోలేదు — బడికి పోతున్నావా జైల్లో ఉండి వస్తున్నావా అని నిలదీసింది. చుట్టాలొస్తే పెళ్లాం తిండి పెట్టట్లేదనుకుంటారట.

ఫిబ్రవరి 3

రాముడూ సుగ్రీవుడూ దోస్తీ కట్టే ఘట్టం. మాణిక్‌కి మాటలు గుర్తుండవు. సుగ్రీవుడికి అభయం ఇవ్వాల్సిన చోట ఆగిపోతాడు, ఆకాశం వైపు చూస్తాడు, మళ్లీ మొదటి నుంచి. వాడు నిలబడి ఆలోచిస్తుంటే నేను కింద గొంతుక్కూర్చుని భక్తిగా వాడి ముఖంలోకి చూస్తుండాలి. లోపల తిట్లు. కాళ్లు తిమ్మిరెక్కాయి. తిమ్మిరెక్కినా కదల్లేదు. పంతులు చూసి తల ఊపాడు — ఆ తల ఊపుడు కోసం తెల్లారేదాకా కూర్చుంటా.

ఫిబ్రవరి 8

నవ్వాలో ఏం చేయాలో తెలియడం లేదు. రాముడి మాట అయిపోయింది — ఈ రోజు మరీ ఆలస్యంగా అయింది — నేను లేచి ఒక్క గంతు వేయాలి. లేచా. ఎడమ పాదం లేవలేదు. కాలు లేచింది, పాదం వేలాడింది. పోయి మద్దెల మీద పడ్డా. అందరూ పగలబడి నవ్వారు, హనుమంతుడి చేష్ట అనుకుని. పంతులు ఒక్కడే నవ్వలేదు. ఆ అడుగు నీకెవరు నేర్పారని అడిగాడు.

తిమ్మిరే. పొద్దున్నకి పోతుంది.

ఫిబ్రవరి 9

పోలేదు.

ఫిబ్రవరి 11

నొప్పి లేదు, వాపు లేదు. మడమ ఆనగానే మునివేళ్లు టప్‌మని నేలకి కొట్టుకుంటున్నాయి. గడప దగ్గర తట్టుకుంటున్నా. చెప్పు వెనకే ఉండిపోతోంది, నేను ముందుకు వెళ్లిపోతున్నా. బళ్లో పిల్లలకి మాత్రం మహా సౌకర్యంగా ఉంది. వరండాలో టప్ టప్ వినగానే గదంతా నిశ్శబ్దం, అందరి ముందూ పుస్తకాలు తెరిచి ఉంటాయి. ఇంత క్రమశిక్షణ పద్నాలుగేళ్ల నౌకరీలో చూడలేదు.

సత్తెమ్మ ఆముదం కాచి రాస్తోంది. పక్కింటామె దిష్టి తీసింది. అందరూ గాలి అంటున్నారు. ఏ గాలో ఎవరూ చెప్పరు.

ఫిబ్రవరి 14

దవాఖానకి వెళ్లొచ్చా. డాక్టరు కొత్తగా వచ్చినవాడు, ఓపిక ఉంది. మోకాలి కింద చిన్న సుత్తితో కొట్టాడు. తాళంచెవితో అరికాలు గీశాడు. దూది పెట్టి పాదం మీద రాస్తుంటే ఒక చోట తెలిసింది, ఒక చోట తెలియలేదు. మునివేళ్ల మీద నిలబడమంటే నిలబడ్డా. మడమల మీద నిలబడమన్నాడు — కుడి పాదం లేచింది, ఎడమది నేలకి అతుక్కుపోయింది. ఒంటి మీద మచ్చలున్నాయేమో వెతికాడు. మోచేతుల దగ్గర నరాలు తడిమాడు. నోరు తెరవమని నాలుక చూశాడు. పాదం పడిపోతే నాలుక ఎందుకో అర్థం కాక అడిగేశా.

కూర్చోబెట్టి చెప్పాడు. కరెంటు పోయినట్టే సార్ అన్నాడు. ఊరంతా పోయిందా, మన వాడకే పోయిందా, మన ఇంట్లో వైరు తెగిందా, ముందు అది తేలాలి. మెదడులో కావచ్చు, వెన్నుపాములో కావచ్చు, నడుము దగ్గర నరం నొక్కుకుని ఉండొచ్చు, కుష్టు వల్ల కూడా పాదం ఇలా పడుతుంది, లేదా కాల్లోనే ఏదో నరం దెబ్బతిని ఉండొచ్చు. కండల్ని ఆడించే నరాలే ఒకదాని తర్వాత ఒకటి చచ్చిపోయే జబ్బు ఇంకోటుంది. అరుదు. దానికి మందు లేదు. అది ఉంటే నాలుక కండ లోపల పురుగులు పాకినట్టు అదురుతుందట. నీకు అదిరినట్టు లేదు గానీ పట్నం పెద్ద దవాఖానలో చూపించుకో, నరాల మిషన్ అక్కడుంది అన్నాడు.

ఏం పని చేస్తావన్నాడు. టీచర్ని, కుర్చీలో పని అన్నా. రెండు పూటలా తింటున్నావా అన్నాడు. తల ఊపేశా. మొక్కు సంగతి దవాఖానలో చెప్పేదేముంది.

ఫిబ్రవరి 16

నాలుక అదురుతోంది.

అద్దం ముందు చాపి చూసుకున్నా. ఖచ్చితంగా అదురుతోంది. దీపం దగ్గరగా తెచ్చి చూశా, ఇంకా ఎక్కువ అదిరింది. అంతలో సత్తెమ్మ వచ్చింది. నాలుక చాపి, కళ్లు పెద్దవి చేసి నిలబడి ఉన్నా. కాసేపు చూసి — కోతి మంచిగ అచ్చింది, పంతులు మెచ్చుకుంటడు అని మెచ్చుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

నవ్వు వచ్చింది. తర్వాత ఏడుపు వచ్చింది. చెప్పలేదు తనకి.

ఫిబ్రవరి 18

భయంగా ఉంది. ఇక్కడ రాస్తే తగ్గుతుందనుకున్నా. తగ్గలేదు.

ఫిబ్రవరి 20

పంతులు పక్కకి పిలిచాడు. నవమి దగ్గరికొచ్చే దాకా చూస్తాడట. అప్పటికీ గంతు వేయలేకపోతే సుగ్రీవుడి చేత హనుమంతుడు కట్టిస్తాడట. తప్పు లేదు, ఊరు ఆట చూడ్డానికి వస్తుంది, నా కాలు చూడ్డానికి కాదు. సరే అన్నా. ఇంటికొచ్చి తోక బయటికి తీసి మళ్లీ పెట్టెలో పెట్టా.

పట్నం పోవాలి. సత్తెమ్మకి చెప్పేశా — నాలుక సంగతి కూడా. నేనూ వస్తానంది, అంతే.

ఫిబ్రవరి 25

పట్నం నుంచి బస్సులో వస్తూ మొదలుపెట్టా, అక్షరాలు గంతులేస్తున్నాయి. వేయనీ!

ముందు నుంచి రాస్తా. పెద్ద దవాఖాన వరండా, జనం సంతలో ఉన్నంత. బెంచీలు నిండిపోయాయి. సత్తెమ్మకి ఒక మూల చోటు దొరికింది. నేను గోడ పక్కన కూర్చున్నా — ఎలా కూర్చున్నానో నాకే తెలియదు, కాళ్లు వాటంతటవే ముడుచుకున్నాయి. నెల రోజుల అలవాటు. అలా చాలాసేపు. ఒక లేడీ డాక్టరు కాయితాలు చంకలో పెట్టుకుని అటూ ఇటూ తిరుగుతోంది. మూడోసారో నాలుగోసారో నా ముందు ఆగింది. నా కాలు వైపు చూసింది, వేలాడే చెప్పు వైపు చూసింది.

"మీరు ఎప్పుడూ ఇలాగే కూర్చుంటారా?"

లేదమ్మా, నేను టీచర్ని, కుర్చీ ఉంది అన్నా. బెంచీ మీద నుంచి సత్తెమ్మ అందుకుంది.

"కుర్చీల ఎక్కడ కూసుంటున్నడమ్మా? రోజూ రాముని కాళ్లకాడ కూసుంటున్నడు. తిండి గూడ ఒక్క పూటనే."

డాక్టరమ్మ ముఖం చూడాలి! నరాల జబ్బు కాదు, ఇంకేదో జబ్బు అనుకున్నట్టుంది. అప్పుడు మొత్తం చెప్పక తప్పలేదు — చిరుతలు, హనుమంతుడు, ఒక్కపొద్దు, పంతులు నియమం, మాటలు మరిచిపోయే రాముడు, జారిపోయే ప్యాంటు. బెల్టు చూపించమంది. బెజ్జాలు చూసింది. అక్కడే, వరండాలోనే వంగి నా ఎడమ మోకాలి పక్కన, బయటి వైపు, కాస్త కిందగా గుండ్రంగా తగిలే ఎముక మీద వేలితో టక్కున కొట్టింది. పాదం దాకా జివ్వుమంది. అమ్మా అని అరిచా. ఆవిడ నవ్వింది. డాక్టరు అలా నవ్వితే ఎంత ధైర్యమో!

లోపలికి తీసుకెళ్లి వివరంగా చూసింది. పాదం లోపలి వైపు తిప్పమంటే తిప్పా — బలంగానే ఉంది. బయటికి తిప్పమంటే రాలేదు. నడుము దగ్గర నరం అయితే రెండూ పోయేవి అంది. సుత్తి దెబ్బలు బాగున్నాయి కాబట్టి మెదడూ వెన్నూ కాదు. నాలుక సంగతి నేనే ఎత్తా. చాపితే ఎవరి నాలుకైనా అదురుతుంది, నోట్లో పడుకోబెట్టి చూడాలి అని, చూసి, మీ నాలుక భేషుగ్గా ఉందంది. ఆ మాటతో సగం జబ్బు పోయింది.

ఆ ఎముక మీదుగా ఒక నరం పోతుందట, తోలు కిందనే. పాదాన్ని పైకి ఎత్తేది అదే. గొంతుక్కూర్చుంటే అది నలుగుతుంది. మామూలుగా అక్కడ కొంచెం కొవ్వు ఉండి కాపాడుతుంది — దాన్ని నేను ఒక్కపొద్దుతో కరిగించేశా. భక్తి రెండు వైపుల నుంచీ నొక్కిందన్నమాట.

తర్వాత మిషన్. మంచం మీద పడుకోబెట్టి తీగలు అంటించారు. మోకాలి పైన కరెంటు పెట్టారు — చురుక్కుమంది గానీ పాదం పడుకునే ఉంది. మోకాలి కింద పెట్టారు —

లేచింది! నా పాదం లేచింది! నేను లేపలేదు, అదే టప్పున పైకి ఎగిరింది, వేళ్లన్నీ విచ్చుకుని. పదిహేడు రోజుల తర్వాత. మళ్లీ పెట్టమన్నా. ఇంకోసారి అన్నా. డాక్టరమ్మ ఇది ఆటవస్తువు కాదంది, అయినా ఇంకోసారి పెట్టింది. సత్తెమ్మ తలుపు సందులోంచి చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నరం చావలేదట. కింద వైరు మంచిదే, మోకాలి దగ్గర దారి మూసుకుంది, అంతే. రెండు పూటలా తినాలి. గొంతుక్కూర్చోవద్దు, కాలు మీద కాలు వేసుకోవద్దు. పాదం వేలాడకుండా పట్టీ కట్టాలి. చాలామందికి కొన్ని వారాలకో నెలలకో వస్తుంది అంది. నవమికి వస్తుందా అన్నా. నవమికి మాట ఇవ్వలేను అంది.

సదాశివపేట దగ్గర సత్తెమ్మ మిర్చి బజ్జీలు కొనిపెట్టింది. తిన్నా. నోరు కాలింది. హనుమంతుడు క్షమిస్తాడు, ఆయనకీ తోక కాలింది.

ఫిబ్రవరి 26

మాణిక్‌కి చెప్పా — నువ్వు మాటలు మరిచిపోయి నా నరం నలిపావురా అని. నవ్వుతాడనుకున్నా. పంక్చర్ వేస్తున్నవాడు ట్యూబు నీళ్లలోనే వదిలేసి కూర్చుండిపోయాడు. నిజంగనా, నా వల్లనేనా అని మళ్లీ మళ్లీ అడిగాడు. కాదురా నా భక్తి వల్ల అని నేనే ఊరడించాల్సి వచ్చింది.

మార్చి 1

మాణిక్ పొద్దున్నే ఇంటికొచ్చాడు. పాత సైకిల్ ట్యూబు కోసి ఒక పట్టీ చేశాడు — మోకాలి కింద వెడల్పాటి తోలు కట్టు, అక్కడి నుంచి ట్యూబు ముక్క కిందకి దిగి చెప్పు ముందు భాగాన్ని పట్టుకుంటుంది. నడిస్తే రబ్బరు పాదాన్ని పైకి లాగుతుంది. పట్నంలో ఇచ్చిన పట్టీ కంటే ఇదే బాగుంది. నరం నలిగిన చోట కట్టు తగలొద్దని చెబితే మూడుసార్లు విప్పి కట్టాడు.

టప్ చప్పుడు పోయింది. నాలుగో తరగతిలో మళ్లీ సంత. ఆ చప్పుడే బాగుందనిపించింది ఒక్క క్షణం.

మార్చి 5

పంతులు ఒప్పుకోలేదు. ఒక్కపొద్దు వదిలేయడానికి సరే అన్నాడు — మొక్కు కంటే ప్రాణం ముందు అని ఆయనే అన్నాడు. కూర్చునే దగ్గర మాత్రం కదలడు. రాముడి ముందు గొంతుక్కూర్చోకపోతే ఆ హనుమంతుడికి తాను ఆట నేర్పలేడట. మాణిక్ వాదించాడు, నేను వాదించా, మద్దెల కొట్టేవాడు కూడా వాదించాడు. పంతులు కోపంగా లేడు, అదే కష్టం. "నేను ఇది తీసేస్తే నా ఎనకొచ్చేటోడు తోక గూడ తీసేస్తడు" అన్నాడు.

సుగ్రీవుడు నా మాటలు నేర్చుకుంటున్నాడు. వినబడుతోంది ఇక్కడికి. బాగా చెబుతున్నాడు కూడా.

మార్చి 6

సత్తెమ్మ జొన్నరొట్టె మీద నెయ్యి వేసి మూడోది పెట్టింది. రుచి తెలియలేదు.

మార్చి 12

పంతులు సిర్గాపూర్ నుంచి వచ్చాడు, ఆట లేని రోజు. సైకిల్ గోడకి ఆనించి నిలబడే చెప్పాడు. వారం రోజులుగా నిద్ర లేదట. నియమం తనది, దాన్ని మార్చడు. కానీ మొదటిసారి హనుమంతుడు కలిసే ఘట్టంలో రాముడికి ఒక కొత్త మాట పెట్టాడు. పాడి వినిపించాడు:

"లే, హనుమా. ఇక మీదట నీ చోటు నా పాదాల దగ్గర కాదు, నా పక్కన."

పాట ఆపి అన్నాడు — "నియమం నాది సారూ. మాట రామునిది. రాముని మాట మీద మాట మాట్లాడనీకె నేనెవ్వన్ని?"

కాళ్లకి దండం పెట్టబోయా. వంగొద్దని కసురుకున్నాడు.

మార్చి 14

మాణిక్‌కి రామాయణం మొత్తంలో తప్పకుండా గుర్తుండే మాట ఒక్కటే ఇప్పుడు. సైకిల్‌కి గాలి కొడుతూ కూడా అదే అంటున్నాడు. సుగ్రీవుడు తన వేషానికి తాను పోయాడు. వాడికీ హాయిగానే ఉందట, దూకడమంటే భయమని ఇప్పుడు చెబుతున్నాడు.

మార్చి 17

రోజూ పొద్దున్నే పట్టీ విప్పి పాదం వైపు చూస్తూ కూర్చుంటా. లే అంటా. లేవదు.

మార్చి 20

లేదు.

మార్చి 23

లేదు. బరువు మాత్రం పెరుగుతోంది. బెల్టు ఒక బెజ్జం వెనక్కి వచ్చింది.

మార్చి 30

కదిలింది!!

సత్తెమ్మ చూసింది, నేను కాదు. చాటలో బియ్యం ఏరుతోంది, నేను ఎదురుగా కాళ్లు చాపుకుని పరీక్ష పేపర్లు దిద్దుతున్నా. "ఏందయ్యా, నీ బొటనేలు నన్ను పిలుస్తున్నది" అంది. కల అనుకున్నా. మళ్లీ చేశా. బొటనవేలు కొంచెం, గోరు మందం, పైకి వచ్చింది. ఇంకోసారి. అవును. అవును! చాట పక్కన పెట్టి వచ్చి నా పాదం ఒళ్లో పెట్టుకుంది. ఇద్దరం దాని వైపే చూస్తూ కూర్చున్నాం, కొత్తగా పుట్టిన బిడ్డని చూసినట్టు. పేపర్లు ఎగిరిపోయాయి. ఎవరి మార్కులు ఎవరికి వేశానో దేవుడికే తెలియాలి.

ఏప్రిల్ 4

దవాఖాన డాక్టరు చేతితో పాదాన్ని కిందకి నొక్కి, లేపమన్నాడు. కొంచెం లేపా, ఆయన వేలు పెట్టగానే పడిపోయింది. అయినా సంతోషించాడు. గొంతుక్కూర్చునే సంగతి ఆ రోజు తాను అడగాల్సింది అన్నాడు. నేను చెప్పాల్సింది అన్నా. పట్టీ ఉంటే ఆటలో నిలబడొచ్చట, దూకితే కుడి కాలి మీద దిగాలట. పట్టీ లేకుండా వద్దు అని రెండుసార్లు చెప్పాడు. ఆటకి వస్తానన్నాడు. సుత్తి తెచ్చుకోవద్దని చెప్పా.

ఏప్రిల్ 11

రాముడు పక్కన నిలబెట్టాడు! ఈ రోజు మొదటిసారి మొత్తం ఘట్టం చేశాం. మాణిక్ ఆ మాట అంటూ నా భుజం పట్టి లేపాడు, నిజంగానే కళ్లు చెమ్మగిల్లాయి వాడికి. పంతులు తాళం తప్పాడు. తప్పానని ఒప్పుకోలేదు.

ఏప్రిల్ 18, నవమి

మా బడిలోనే ఆట. వేషాలు కట్టుకునేది నా నాలుగో తరగతి గదిలోనే — నల్లబల్ల మీద ఇంకా నిన్నటి భాగహారాలు. ఎండ దిగుతోంది. బయట జనం, కల్హేర్ నుంచి కూడా బండ్లు కట్టుకుని వచ్చారు. సత్తెమ్మ ముందు వరసలో కూర్చుంది, నాకు కనబడేలా. డాక్టరు ఆమె వెనక.

ముఖానికి రంగు, తోక, గద. పిల్లల బెంచీ మీద కూర్చుని రాస్తున్నా. ఎందుకంటే — మాణిక్ కిరీటం, విల్లు అన్నీ పెట్టుకుని నా ముందు గొంతుక్కూర్చున్నాడు పట్టీ కట్టడానికి. రాముడు హనుమంతుడి కాళ్ల దగ్గర! పంతులు చూసి ముఖం తిప్పుకున్నాడు, నవ్వాడనుకుంటా. ఒరేయ్ లే, నీ నరం నలుగుతుంది అన్నా. చుప్ అన్నాడు. బిగించి లాగాడు. ట్యూబు ఫట్‌మని తెగింది.

ఎండకి పాతబడిందో, నా బరువో. ఇంకోటి తెస్తానని కిరీటంతోనే షాపుకి పరిగెత్తాడు. కిటికీలోంచి చూశా, రాముడు బజార్లో సైకిల్ తొక్కుతూ పోతుంటే జనం దారి ఇస్తున్నారు, ఒకామె దండం కూడా పెట్టింది.

పంతులు తాళాలు మొదలుపెట్టాడు. మొదటి చుట్టు అందరం కలిసి తిరగాలి, అది ఆగదు. రాముడు ఆలస్యంగా వచ్చినా చుట్టులో దూరొచ్చు. నేను మొదట ఉండాలి, పంతులు వెనకే.

మాణిక్ ఇంకా రాలేదు. ఎడమ పాదం వైపు చూస్తున్నా. రంగు పూసిన వేళ్లు, బొటనవేలు ముందు. డాక్టరు వద్దన్నాడు. పంతులు గడప దగ్గర నిలబడి చేయి చాపాడు. పుస్తకం మూసి ఆ చేయి పట్టుకుంటా.

లే...